మార్కు సాక్షియే గాని తీర్పరి గాదు

(పట్టణ పఠనమందిరమున ప్రధానోపాధ్యాయుల సమావేశమందు చేసిన ఉపన్యాసపాఠము)



పాఠశాల నడుపుట మా వృత్తి గాదు. మేము న్యాయస్థానములలో వాదించి జీవించువారము. సాయంకాలములందు ఈ పఠనమందిరపు వసారాలో పిల్లలకు చదువు చెప్పు సేవాదళములో మేమును ఒకరము. అట్టి మేము జీవితమంతయు బడిలో గడపిన మీ యెదుట నిలిచి బడిని గూర్చి ఉపన్యసించుట సాహసమే. ఐనను మీరు పిలిచితిరి; పిలిచినవారికి మా మనస్సులోని మాట దాచక చెప్పుట మా విధి.

ఏటేట వేసవిలో పదవ తరగతి ఫలితములు వెలువడగానే ఏ జిల్లా మొదటిది, ఏ జిల్లా కడపటిది అను పట్టిక పత్రికల మొదటి పుటనెక్కును. ఊరి కూడళ్లలో పిల్లల బొమ్మలతోను మార్కులతోను నిలువెత్తు పలకలు లేచును. నూటికి నూరు వచ్చిన బడికి శాలువా. తగ్గిన బడికి తాఖీదు. ఆ తాఖీదు వచ్చి చేరునది మీ బల్లమీదికే. పాఠము చెప్పినది వేరొకరు కావచ్చును, పాఠము రానిది వేరొకనికి కావచ్చును. జవాబు చెప్పవలసిన తల మాత్రము ప్రధానోపాధ్యాయునిది.

లెక్క అడుగుట తప్పా? తప్పు గాదు. ప్రజల సొమ్ముతో నడచు సంస్థ ప్రజలకు లెక్క చెప్పవలసినదే. బిడ్డను బడికి పంపిన తల్లి తన బిడ్డకేమి వచ్చినదని అడుగుటకు సంపూర్ణమగు హక్కు గలది. ఆ హక్కును కాదను ఉపాధ్యాయునికి మేము వకాల్తా పుచ్చుకొనము. అడుగబడుచున్న లెక్క సరియైన లెక్కయేనా, ఆ లెక్కకు జడిసి బడులలో జరుగుచున్న పనులు ధర్మసమ్మతములేనా అనునవి మాత్రమే నేటి మా ప్రశ్నలు.

కొన్ని యేండ్ల క్రిందట ఒక సాయంకాలము తోపుడుబండిపై పండ్లమ్ముకొను ఒక తండ్రి మా యింటికి వచ్చెను. వెంట కుమారుడుండెను. "బళ్ళో మావాణ్ణి ఉంచుకోరంట బాబూ. టీసీ తీసుకొని పొమ్మన్నారు. కావాలంటే బయటినుంచి పరీక్ష కట్టుకోమన్నారు" అని చెప్పుకొనెను. పిల్లవాడు తొమ్మిదవ తరగతి ముగించినాడు. దొంగతనము చేయలేదు, ఎవరినీ కొట్టలేదు. గణితములో వెనుకబడినాడు. అంతమాత్రమే వాని నేరము. తెల్లవారుజామున తండ్రితోకూడ బండివద్ద నిలిచి చిల్లర లెక్క క్షణములో చెప్పు కుఱ్ఱవాడు బడిలో బీజగణితము ముందర నోరు మెదపడట.

మరునాడు మేము ఆ ప్రధానోపాధ్యాయుని దర్శించితిమి. నోటీసు వ్రాయుటకు సిద్ధపడియే పోయితిమి. ఆయన కోపపడలేదు. బల్లసొరుగు లాగి ఒక కాగితము మా ముందుంచెను. వెనుకటి సంవత్సరము ఆ బడినుండి పరీక్షకు కూర్చున్నవారు 41 మంది, తప్పినవారు ముగ్గురు. అందులకు సంజాయిషీ చెప్పుమని పైనుండి వచ్చిన తాఖీదది. "వకీలుగారూ, 38 మంది ఎట్లు గట్టెక్కిరో ఎవ్వరును అడుగలేదు. ముగ్గురు ఏల మునిగిరో అడుగుచున్నారు. ఈ పిల్లవానితో నలుగురగుదురు" అని ఆయన అనెను. మేము తెచ్చిన కోపము మా వద్దనే మిగిలిపోయెను. మా యెదుట నున్నవాడు దుర్మార్గుడు గాడు, భయపడిన మంచివాడు. దుర్మార్గునికి చట్టము చాలును. భయపడిన మంచివానికి చట్టముతోపాటు తోడు కూడ కావలయును. ఆ కథ ముగింపు తరువాత మనవి చేసెదము. ఆ తాఖీదునకు తాతముత్తాతలెవరో ముందు చూడవలసియున్నది; ఏలయన ఇది నిన్న మొన్న పుట్టినది గాదు.

ఇంగ్లాండు దేశములో 1862వ సంవత్సరమున ప్రాథమిక పాఠశాలల సహాయధన నిబంధనలు తిరుగవ్రాయబడెను. దానికి సూత్రధారి రాబర్టు లో అను మంత్రి. ఈ పద్ధతి సమర్థముగా లేకపోయిన పక్షమున చవుకగానైన ఉండును, చవుకగా లేకపోయిన పక్షమున సమర్థముగానైన ఉండును అని ఆయన పార్లమెంటులో వాదించెను. దీనికి ఫలితములను బట్టి చెల్లింపు అని పేరు. పిల్లవాని హాజరుకు 4 షిల్లింగులు. ఇన్‌స్పెక్టరు వచ్చి చదువు, వ్రాత, లెక్కలు అను మూడింటిలో పరీక్షించి సరియన్నచో 8 షిల్లింగులు. ఒక్కొక్క విషయములో తప్పినకొలది 2 షిల్లింగుల 8 పెన్నీలు కోత. ప్రతి పిల్లవాని తలమీద ఒక ధర వ్రాయబడినది.

తరువాత నేమి జరిగెను? సర్కారు ఖర్చు తగ్గెను. 8 లక్షల 13 వేల పౌనుల చిల్లరయున్న గ్రాంటు నాలుగైదేండ్లలో 6 లక్షల 37 వేలకు దిగెను. ఖజానావారు సంతోషించిరి. కాని బడిలో చరిత్రయు భూగోళమును మూలబడెను. వానికి షిల్లింగులు లేవు గదా! ఏడాది పొడుగున ఒకే వాచకమును వల్లెవేయించిరి. పుస్తకము వంక చూడకయే పుట తరువాత పుట "చదువు" పిల్లలు తయారైరి. కవియు విమర్శకుడునైన మాథ్యూ ఆర్నాల్డు ఆ కాలమున పాఠశాలల ఇన్‌స్పెక్టరుగా నుండెను. చదువుగాని, వ్రాతగాని, లెక్కగాని నిజముగా రాకపోయినను పిల్లలను ఈ పరీక్ష గట్టెక్కించుటకు ఉపాయములు గలవని ఆయన 1867లో తన నివేదికయందే సర్కారునకు విన్నవించెను. వినిపించుకొన్నవారు లేరు. ఆ పద్ధతి పూర్తిగా తొలగుటకు 1890వ దశకము గడువవలసివచ్చెను. ఆ పరీక్షలను స్వయముగా జరిపి, పిమ్మట ప్రధాన ఇన్‌స్పెక్టరు పదవి నధిష్ఠించిన ఎడ్మండు హోమ్సు 1911లో ఒక గ్రంథము వ్రాసి, యాంత్రికమగు విధేయతనే విద్య యనుకొన్నందుకు తన తరము వారిని నిందించెను. తీర్పు చెప్పినది విరోధి గాదు. ఆ యంత్రమును త్రిప్పిన చేతులే.

ఆ విత్తనము ఓడనెక్కి మన చెన్నపురి రాజధానికిని వచ్చెను. అప్పటి ఆంధ్ర జిల్లాలలో పెక్కు ఆ రాజధానిలోనివే. ఆ శతాబ్దపు ఉత్తరార్ధములో ఇచ్చటి ప్రాథమిక పాఠశాలలకును పరీక్షాఫలితములను బట్టి గ్రాంటు ఇచ్చు నియమమేర్పడెను. వీధిబడి పంతులు సైతము ఇన్‌స్పెక్టరు రాకను బట్టి తన ఇంటి కుండ నిండునో నిండదో లెక్కించుకొనవలసిన వాడాయెను. 1882లో ఏర్పడిన హంటరు సంఘము ఉన్నతవిద్యకు ఈ పద్ధతి తగదన్నది గాని ప్రాథమిక పాఠశాలలకు మాత్రము చాలవరకు ఫలితములనే ఆధారముగా నుంచుమన్నది. వెనుకబడిన ప్రాంతములకు ప్రత్యేక నియమములుండవచ్చునని యొక్క మినహాయింపు చేర్చినది. తుదకు 1904 నాటి విద్యావిధాన తీర్మానముతో ఈ పద్ధతికి ప్రభుత్వమే స్వస్తి చెప్పదొడగెను. అనగా పన్నిన చేతులతోనే విప్పుటకు నలువది యేండ్లు పట్టినది. ఆ నలువది యేండ్లలో బడి మెట్లెక్కి దిగిన పిల్లల బాల్యమును తిరిగి తెచ్చి యిచ్చినవారు లేరు.

పాతకథ యని కొట్టివేయుదమా? ఈ శతాబ్దముననే అమెరికాలో అది మరల నడచినది. ఏ పిల్లవానిని వెనుక విడువరాదు అను శుభమైన పేరుతో 2002 జనవరిలో అచ్చట ఒక శాసనము వచ్చెను. మూడవ తరగతి మొదలు ఎనిమిదవ తరగతి వరకు ఏటేట చదువులోను గణితములోను పరీక్షలు. 2014 నాటికి ప్రతి పిల్లవాడును నిర్ణీతస్థాయి నందవలయును. వరుసగా అందని బడిపై ఒకదానికంటె నొకటి కఠినమగు చర్యలు. ఉద్దేశము మంచిదే. నల్లజాతి పిల్లల, బీదల పిల్లల, అంగవికలుర వెనుకబాటును సగటులక్రింద దాచివేయు అలవాటును ఆ శాసనము బయటపెట్టినది. ఆ మేలు ఒప్పుకొనవలసినదే. కాని ఫలితముతో ఉద్యోగములు ముడివడినప్పుడేమగునో అట్లాంటా నగరము చూపినది. అచ్చటి బడుల మార్కులు అద్భుతముగా పెరిగినవని కీర్తి వచ్చెను. ఆ బడుల అధికారిణికి 2009లో దేశములోని ఉత్తమ పర్యవేక్షకురాలను బిరుదు లభించెను. 2011లో రాష్ట్రప్రభుత్వపు విచారణ ముగిసినది. పరిశీలించిన 56 బడులలో 44 బడులయందు పిల్లల జవాబు కాగితములు పెద్దలచే దిద్దబడినవని తేలినది. 178 మంది ఉపాధ్యాయులును ప్రధానోపాధ్యాయులును అందు చిక్కుకొనిరి. 2015లో న్యాయస్థానము 11 మందిని దోషులుగా నిర్ణయించినది. కంచెయే చేను మేసినది.

ఇందు అన్నిటికంటె గొప్ప నష్టము ఎవరిది? శిక్షపడిన పెద్దలది గాదు. చదువురాని పిల్లవాని కాగితముపై చదువు వచ్చినట్లు గుర్తుపడినందున, వానికి దొరకవలసిన అదనపు బోధన దొరకకుండ పోయినది. వాపును చూచి బలుపనుకొనుట మనకు తెలిసిన సామెతయే. ఇచ్చట వాపు బడిది, జబ్బు పిల్లవానిది.

అమెరికా సాంఘికశాస్త్రజ్ఞుడు డోనాల్డు క్యాంప్‌బెల్ 1976లోనే దీనికి సూత్రము కట్టెను. ఏ అంకెను బట్టి గొప్ప నిర్ణయములు చేయుదుమో ఆ అంకె అంతకంత చెడును. అది కొలువవలసిన వ్యవహారమును గూడ చెరచును. మా వృత్తి భాషలో చెప్పవలెనన్న మాట చిన్నది. మార్కు సాక్షి. మంచి సాక్షి, పెక్కు వ్యాజ్యములలో తప్పనిసరి సాక్షి. కాని సాక్షినే తీర్పరి పీఠముపై కూర్చుండబెట్టినచో, వ్యాజ్యములో నున్న వారందరును ఆ సాక్షిని కొనుటకో బెదరించుటకో పూనుకొందురు. అప్పుడు తీర్పు పోవుటయేగాక సాక్ష్యమును పోవును.

ఇంతమాత్రముచే పరీక్షలే వలదని మేము చెప్పువారము గాము. సాక్షియే లేని న్యాయస్థానము మరింత అన్యాయము. ప్రథమ్ సంస్థవారు 2005 మొదలుకొని పల్లెలలో ఇంటింటికి పోయి పిల్లలచేత చదివించి చూచుచున్నారు. ఐదవ తరగతి పిల్లలలో రెండవ తరగతి వాచకము చదువగలవారు 2018లో దేశముమీద సుమారు సగము మంది. కరోనా తరువాత, 2022లో నూటికి 43 మంది. ఈ పరీక్ష లేకున్నచో ఈ సంగతి మనకు తెలిసెడిదే గాదు. వారి పరీక్ష యింటి అరుగుమీద జరుగును. దానివలన ఏ పంతులునకు తాఖీదు రాదు, ఏ పిల్లవానికి టీసీ రాదు. అందుచేతనే అది నిజము చెప్పుచున్నది.

ఎదుటి పక్షపు బలమైన సాక్ష్యమును దాచుట మా వృత్తిధర్మము గాదు. ఫలితమునకు బహుమానము ముడిపెట్టిన ఒక ప్రయోగము మన నేలమీదనే, అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశములోనే, 2005లో మొదలయ్యెను. ఆదిలాబాదు, నిజామాబాదు, మెదకు, విశాఖపట్టణము, కడప జిల్లాలలోని సర్కారు ప్రాథమిక పాఠశాలలలో కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ అను అర్థశాస్త్రజ్ఞులు జరిపిరి. కొన్ని బడులలో పిల్లల మార్కులు పెరిగినకొలది పంతుళ్లకు బహుమానమిచ్చిరి, కొన్నిట ఇయ్యలేదు. రెండేండ్లకు బహుమానపు బడుల పిల్లలు గణితములోను భాషలోను ముందంజ వేసిరి. బహుమానము లేని విజ్ఞానశాస్త్రములోను సాంఘికశాస్త్రములోను గూడ వెనుకబడలేదు సరిగదా, ముందే యుండిరి. ఇది మేము ఒప్పుకొనవలసిన సాక్ష్యము.

ఐతే ఆ ప్రయోగపు కట్టుబాటులను చూడుడు. గీత దాటినవారెందరని వారు లెక్కింపలేదు. పిల్లలు నిరుటికంటె ఎంత ముందుకు జరిగిరని సగటున లెక్కించిరి. కావున వెనుకబడిన పిల్లవాడు బరువు గాక లాభమాయెను. పరీక్ష పెట్టినవారు బయటివారు. వల్లెవేసినంత మాత్రమున జవాబు రాని ప్రశ్నలు గూడ అందుండెను. శిక్ష లేదు, బహుమానము జీతములో బహు చిన్నభాగము. ఇప్పుడు మీ బల్లమీది తాఖీదును దాని ప్రక్కన నుంచుడు. అందు నూటికి 35 మార్కుల గీత యొక్కటే కొలత. ఆరవ తరగతిలో అక్షరములు కూడబలుకుచు చేరి పదవ తరగతిలో 33 మార్కులు తెచ్చుకొన్న పిల్లది ఆ లెక్కలో సున్న. పుట్టుకతో అన్నియు అమరి 60తో దాటినవాడు ఒకటి. ఏ బడి ఎక్కువ పని చేసినది? ఆ కొలత ఆ మాట చెప్పలేదు. గీతకు చేరువనున్న పిల్లలమీదనే శ్రమయంతయు పెట్టి, దూరమున నున్నవారిని వదలివేయు అలవాటు ఎట్లు పుట్టునో టెక్సాసు రాష్ట్రములోని ఒక ప్రాథమిక పాఠశాలను పరిశీలించి 2005లోనే వ్రాసిన వారు గలరు. మనకు అంత దూరము పోవలసిన పని లేదు. వేసవి సెలవులకు ముందు టీసీ పుస్తకము తెరచి చూచిన చాలును.

కావున ప్రధానోపాధ్యాయులు చేయదగినదేమి? మీరు కొలతను మార్చలేరు. అది మీ చేతిలో లేదు. కొలతకును పిల్లవానికిని నడుమ నిలువగలరు. అది మీ చేతిలోనే యున్నది. పైనుండి వచ్చిన ఒత్తిడిని ఉన్నదున్నట్లు క్రిందికి దింపువాడు బంట్రోతు. దానిని తన భుజముపై ఆపి, అందులో పిల్లలకు పనికివచ్చునంత మాత్రమే లోపలికి విడుచువాడు ప్రధానోపాధ్యాయుడు.

మొదటి కర్తవ్యము రిజిస్టరును కాపాడుట. ఏ పిల్లవాని పేరును శాతముకొరకు కొట్టివేయరాదు. చట్టము ఎనిమిదవ తరగతి వరకు మీకు తోడుగా నున్నది. 2009 నాటి విద్యాహక్కు చట్టపు 16వ విభాగము ప్రాథమిక విద్య ముగియువరకు పిల్లవానిని బడినుండి వెడలగొట్టరాదని నిషేధించినది. 2019 సవరణ 5, 8 తరగతులలో పరీక్షపెట్టి, రెండు నెలలలో రెండవ అవకాశమిచ్చి, అప్పటికిని తప్పినచో నిలుపుటకు ప్రభుత్వములకు వీలిచ్చినది గాని వెడలగొట్టుటకు వీలియ్యలేదు. తొమ్మిదవ తరగతి గుమ్మము దాటగానే ఆ గొడుగు లేదు. అందుచేతనే శాతముల వేట ఆ తరగతిలో జరుగుచున్నది. చట్టము లేని చోట ధర్మము లేదని అర్థము గాదు. తల్లిదండ్రులు తమంతట కోరక టీసీ వ్రాయబడరాదు అని మీలో మీరు కట్టడి చేసికొనుడు. చట్టము చేయవలసిన పని అదియే చేయును.

రెండవది, పరీక్షను వైద్యుని నాడివలె వాడుకొనుట. పిల్లవాడు బడిలో చేరిన నెలలోనే చదివించి, వ్రాయించి, లెక్క చేయించి చూడుడు. ఎవరికేది రాదో ఒక చిన్న పుస్తకములో వ్రాసికొనుడు. దానికి మార్కు వేయకుడు, గోడకంటింపకుడు. ఆరవ తరగతిలో భాగహారము రాదని తెలిసినచో నాలుగేండ్లు చేతిలో నుండును. పదవ తరగతి సంక్రాంతికి తెలిసినచో చేతిలో నుండునది భయము మాత్రమే. తెల్లవారుజామున ప్రత్యేక తరగతులు, రాత్రి చదువులు, ఆదివారపు పరీక్షలు అను ఆ రెండు నెలల దండయాత్ర నాలుగేండ్ల అలసత్వమునకు చెల్లించు అపరాధ రుసుము. చెల్లించునది మాత్రము పిల్లవాడు.

మూడవది, వేళల పట్టికను కాపాడుట. పరీక్షలో లేనిదంతయు పనికిరానిదను మాట ఇంగ్లాండులో చరిత్రను మ్రింగినట్లే, మన బడులలో ఆటల గంటను, చిత్రలేఖనమును, గ్రంథాలయపు గంటను మ్రింగుచున్నది. మా పఠనమందిరమునకు పదవ తరగతి పిల్లలు రారు. ఏల రారని అడిగితిమి. "పరీక్ష అయ్యాక వస్తాం సార్" అనిరి. పరీక్ష అయినపిమ్మటను రాలేదు. చదువుట అనునది పరీక్షకొరకు చేయు పనియని మనమే నేర్పితిమి. పరీక్ష ముగియగానే వారు మానుకొనిరి. వారానికి ఒక్క గంట, ఎవ్వరును మార్కు వేయని పుస్తకపఠనమునకు, ఎంత తాఖీదు వచ్చినను విడువకుడు.

నాలుగవది మిక్కిలి కఠినము. పరీక్షగదిని శుభ్రముగా నుంచుట. కిటికీగుండా వచ్చు చీటీ, పర్యవేక్షకుని పెదవులు కదలి చెప్పు జవాబు దయ గాదు. బడిలో ఆఖరి పాఠముగా మోసము నేర్పి పంపుటయే. శాతము పడిపోయిననుసరే, నిజమగు అంకెను పైకి పంపుడు. నిజమగు చెడ్డ అంకె నుండి బాగుచేయుటకు దారి గలదు. అబద్ధపు మంచి అంకె నుండి ఏ దారియు లేదు. అట్లాంటా పిల్లలకు జరిగినదదియే.

ఐదవది, ఒంటరిగా నిలువకుండుట. ఒక్క ప్రధానోపాధ్యాయుడు కాదన్నచో బదిలీ. వందమంది కాదన్నచో సభ. ఇంగ్లాండులో 2010 మే నెలలో పదునొకండేండ్ల పిల్లల జాతీయపరీక్షలను, వానినిబట్టి బడులకు వరుసలు కట్టుటను నిరసించి ప్రధానోపాధ్యాయుల సంఘమును ఉపాధ్యాయ సంఘమును కలిసి బహిష్కారమును ప్రకటించెను. అందు పాల్గొనవలసిన ప్రాథమిక పాఠశాలలలో ఇంచుమించు నాలుగవవంతు పరీక్ష పెట్టలేదు. ప్రభుత్వము సమీక్షాసంఘము నియమించెను. పిల్లల వ్యాసరచనను పరీక్షకు బదులు ఉపాధ్యాయులే నిర్ణయించు ఏర్పాటు దాని ఫలము. న్యూయార్కు రాష్ట్రములో 2011లో, పిల్లల మార్కులను బట్టి ఉపాధ్యాయులకు వెలకట్టు పద్ధతి తగదని ప్రధానోపాధ్యాయులు బహిరంగలేఖ వ్రాసిరి. రాష్ట్రమందలి వారిలో సుమారు మూడవవంతు దానిపై చేవ్రాలు చేసిరి. తల్లిదండ్రులును కదలిరి. 2015లో రెండు లక్షల మంది పిల్లలు ఆ పరీక్షకు కూర్చుండలేదు. ఆ యేడు డిసెంబరులో ఆ మార్కులను ఉపాధ్యాయుల తూకమునకు వాడుట నిలిపివేయబడినది. టెక్సాసులో 800కు పైగా పాఠశాలా పాలకసంఘములు 2012లో తీర్మానములు చేసెను. మరుసటి యేడు ఉన్నతపాఠశాల ముగింపుపరీక్షలు 15 నుండి 5కు తగ్గినవి. మేము మిమ్ములను బహిష్కారమునకు పురికొల్పుట లేదు. మన పిల్లలకు పదవ తరగతి పత్రము జీవనాధారము, దానితో ఆటలాడరాదు. సంతకము, తీర్మానము, వినతి, ప్రచురణ అనునవి మాత్రము ఏ సేవానియమమునకును లోబడియే చేయదగిన పనులు.

ఆరవది, అన్నిటికి మూలమైనది: అడిగిన లెక్కకంటె పెద్ద లెక్క మీరే చెప్పుట. లెక్క చెప్పననువాడు ఓడిపోవును. ఎక్కువ లెక్క చెప్పువానిని ఓడించుట కష్టము. విద్యాహక్కు చట్టపు 21వ విభాగము పాఠశాలా యాజమాన్య సంఘమును ఏర్పరచినది. అందు నాలుగింట మూడువంతులు తల్లిదండ్రులు, సగము స్త్రీలు. మన ఊళ్లలో ఈ సంఘము పెక్కుచోట్ల సంతకముల పుస్తకముగా మిగిలినది. దానిని ఏడాదికొకమారు నిజమగు సభగా కూర్చుడు. ఆరవ తరగతిలో ఎందరు చేరిరి, అందు పదవ తరగతికి ఎందరు చేరిరి, నడుమ పోయినవారు ఎక్కడికి పోయిరి, చేరిననాడు చదువలేనివారు ఎందరు, నేడు చదువగలవారు ఎందరు, ఆడపిల్లలు ఎందరు మానిరి, ఎన్ని ఉపాధ్యాయ పదవులు ఎన్ని నెలలు ఖాళీగా నున్నవి, ఎన్ని దినములు పంతుళ్లు పరాయి పనులకు పంపబడిరి అని చదివి వినిపింపుడు. మీ తప్పును అందులోనే చెప్పుడు. అప్పుడు బడికి వచ్చిన శాతమొక్కటే ఊరిలో తిరుగదు. దాని వెనుక కథయు తిరుగును. ఏ తల్లియు తన బిడ్డ చదువును ఒక్క అంకెతో కొలువదు. కొలువుమని మనమే అలవాటు చేసితిమి.

అధికారులకును ఒక మాట. కుండలోని కూడు కుండలోనే యుండవలెను, పిల్లవాడు దుడ్డువలె నుండవలెను అనుట కుదరదు. ఖాళీ పదవి నింపక ఫలితమడుగుట, ఆరవ తరగతిని చూడక పదవ తరగతిని దండించుట న్యాయము గాదు. తాఖీదు పంపుటకు ముందు ఆ బడిలో గణితోపాధ్యాయుడు ఎన్ని నెలలున్నాడో కాగితము తెప్పించి చూడుడు. నిందితుని వాదము వినక తీర్పు చెప్పరాదనునది న్యాయశాస్త్రములో మొదటి పాఠము.

ఇక పండ్లబండి కుఱ్ఱవాని మాట. ఆ రాత్రి ప్రధానోపాధ్యాయుడును మేమును కూర్చుండి ఆయన సంజాయిషీని కలిసి వ్రాసితిమి. క్షమాపణము వ్రాయలేదు, లెక్క వ్రాసితిమి. ఆ తరగతి ఆరవ తరగతిలో చేరిననాటి సంఖ్య, నాటి చదువు, నేటి చదువు, ఏడు నెలలు ఖాళీగా నున్న గణితోపాధ్యాయుని పదవి, తప్పిన ముగ్గురిలో ఇద్దరు పిదప జరిగిన పరీక్షలో గట్టెక్కిన సంగతి, అన్నియు వ్రాసి, "ఈ పాఠశాలనుండి శాతముకొరకు ఏ విద్యార్థియు పంపివేయబడలేదు, పంపివేయబడడు" అను వాక్యముతో ముగించితిమి. ఆ వాక్యము వ్రాయునప్పుడు ఆయన చేయి కొంచెము ఆగెను. పిమ్మట వ్రాసెను. మరునాడు టీసీ మాట లేదు.

పిల్లవాడు పదవ తరగతిలో చదివెను. సాయంకాలములు మా వసారాలో కూర్చుండెను. మొదటి పరీక్షలో గణితము తప్పెను. వాని మూలమున ఆ బడి శాతము ఆ యేడు నూరు గాలేదు. జూన్ నెలలో మరల వ్రాసి 39 మార్కులతో దాటెను. ఆ 39 ఏ పత్రికలోను పడలేదు. ఏ కూడలిలోను పలక లేవలేదు. తండ్రి మాత్రము ఒక సంచి బత్తాయిలు తెచ్చి, సగము మా యింటను సగము ప్రధానోపాధ్యాయుని యింటను దింపిపోయెను. ఆ సంజాయిషీకి నేటివరకు పైనుండి ప్రత్యుత్తరము రాలేదు.

మహాశయులారా! ఈ యేడును మీలో కొందరి బల్లమీదికి అట్టి కాగితము వచ్చును. వచ్చిననాడు ముందు రిజిస్టరు తెరవుడు. అందలి పేర్లను ఒక్కొక్కటిగా చదువుడు. పిమ్మట జవాబు వ్రాయుడు. తోడు కావలసివచ్చినచో ఈ పఠనమందిరపు వసారాలో సాయంకాలము ఆరు గంటలకు దీపము వెలుగుచుండును. మేమచ్చటనే యుందుము.